కడుపులో వేగులవాడు

మాత్రలో యంత్రము నిమిడ్చి మ్రింగించు విద్యను కొందరు కొనియాడుచున్నారు. 2017లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన ‘అబిలిఫై మైసైట్’ అట్టిదే. రాగి, మెగ్నీషియము, సిలికానులతో చేసిన రేణువు జీర్ణరసము తగులగానే సంకేతమిచ్చును. దేహమున కంటించిన పట్టీ దానిని ఫోనునకు చేర్చును. మందు మ్రింగెనో లేదో వైద్యునికి తెలియును. కాని దీనివలన రోగులు క్రమముగా మందు వాడుదురని రుజువు కాలేదని అనుమతించినవారే చెప్పిరి! పైగా నిది మనోవ్యాధి మందు. తన్నెవరో కనిపెట్టుచున్నారని వణకువానికి వేగును మ్రింగింతురా?

ఆ పరికరము చేసిన ప్రోటియస్ కంపెనీ 2020లో దివాలా తీసినది. ఆస్తులను మందు కంపెనీ ఒట్సుకాయే కొన్నది. అంగడి చేతులు మారినప్పుడు ఖాతాపుస్తకము లెవరి పాలగునో వర్తకుల కెరుకయే. రోగి సమ్మతించెనందురు. మందుపెట్టెపై ఆంగ్లము చదువలేని మన పెద్దలు దేనికి సమ్మతించినట్లు? అట్టి మాత్ర మన యూరి ఆసుపత్రికి వచ్చుటకు ముందే, సమ్మతిపత్రము తెలుగున నుండవలెనని సంఘము కోరవలెను.