శాలువాకు లేని లెక్క సినిమాకెందుకు?

చిన్న సినిమాకు డబ్బు పెట్టేవాడు పిచ్చివాడని మా సంఘం పెద్దలు తీర్పు చెప్పేశారు. నేనొప్పుకోను.

పరుచూరి ప్రవీణగారిని చూడండి. అమెరికాలో గుండె వైద్యురాలు. కొత్త దర్శకుడు వెంకటేశ్ మహాను నమ్మి 'కేరాఫ్ కంచరపాలెం' తీశారు. పేరున్న తార ఒక్కరూ లేరు. విశాఖలోని ఆ పేటవాళ్లే చాలామంది నటించారు. తానూ ఒక పాత్ర వేశారు. రానా సమర్పణలో 2018లో విడుదలైతే జనం చూశారు. 2021లో అదే కథ తమిళంలో 'కేరాఫ్ కాదల్' అయింది. 2020లో వచ్చిన 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' నిర్మాతల్లో ఆవిడ ఒకరు. 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు'తో దర్శకురాలూ అయ్యారు.

డబ్బు చాలామంది దగ్గర ఉంటుంది. కంచరపాలెం మాటను దిద్దకుండా తెరకెక్కించడానికి గుండె కావాలి.

మరి మన మాటో? హోసూరు తెలుగు, షోలాపూరు తెలుగు కథానాయకుడి నోట నేనింతవరకు వినలేదు. వాళ్లు తీయలేదని హైదరాబాదును తిట్టుకుంటాం. మనమేం చేశాం? ఉగాదికి తారను పిలిచి శాలువా కప్పడానికి చందాలు ఇట్టే పోగవుతాయి. మన వీధి కుర్రాడు కథ పట్టుకొస్తే మాత్రం "తిరిగొస్తుందా?" అంటాం.

అడగండి, తప్పులేదు. చిన్న సినిమాలన్నీ గట్టెక్కవు. కాని శాలువా డబ్బు ఏనాడు తిరిగొచ్చింది? సినిమా ఆడకపోయినా అందులో మన మాట మిగులుతుంది. ఈ ఒక్క ఉగాదికి శాలువా మానండి. ఆ చందా ఆ కుర్రాడి చేతిలో పెట్టండి.