డాలరు ఊరికి, దినారు వాడకి

"ప్రవాసులు మాతృభూమి రుణం తీర్చుకుంటున్నారు" అని పత్రికలు రాస్తున్నాయి. ఏ ప్రవాసులు? ఎవరి భూమి? సెంటు భూమి లేక దేశం దాటినోడికి ఈ నేల ఏం అప్పు ఇచ్చిందని తీర్చాలి?

లెక్క చూద్దాం. 2024లో విదేశాల నుంచి ఇండియాకి వచ్చింది 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. మరే దేశానికీ ఇంత రాలేదు. 2023-24 రిజర్వు బ్యాంకు సర్వేలో అమెరికా వాటా దాదాపు 28 శాతం. గల్ఫ్ దేశాలన్నీ కలిపితే 38 శాతం దాకా. గల్ఫ్‌లోనూ ఇంజనీర్లున్నారు, కాదనం. కానీ ఇటుకలు మోసినోళ్లు, గొర్రెలు కాసినోళ్లు, షేకుల ఇళ్లల్లో అంట్లు తోమిన అక్కలు పంపిందీ అందులోనే ఉంది. 2003 నుంచి సర్కారు ప్రవాసీ భారతీయ దివస్ జరుపుతోంది. ఆ శాలువాల్లో మన వాడకి వచ్చినవెన్నో చూపించండి!

అమెరికా డబ్బు ఊళ్లోకి ఎట్లా వస్తుంది? గుడి గోపురంగా, కులసంఘం కల్యాణమండపంగా, సొంత కులపోడి ఎన్నికల ఖర్చుగా. సముద్రం దాటితే కులం పోతుందన్నారు. పోలేదు, వీసా లేకుండానే విమానం ఎక్కింది. అందుకే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది. అదే ఏడు కాలిఫోర్నియా చట్టసభలు అటువంటి బిల్లు పాస్ చేస్తే, అక్టోబరులో గవర్నరు వీటో చేశాడు. బిల్లు వద్దని గోల పెట్టింది ఎవరు? మన దేశం నుంచి పోయిన పెద్దమనుషులే.

ఇక కోనసీమ. అక్కడి వాడల నుంచి ఎంతమంది ఆడవాళ్లు గల్ఫ్ పోయారో ఆ వాడల్లో అడగండి. వాళ్లు పంపిన సొమ్ము ముందు వడ్డీవ్యాపారికి, తర్వాత ఏజెంటుకి, మిగిలింది బట్టలకొట్టుకి, సిమెంటుకొట్టుకి పోతుంది. ఆ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. మన డబ్బు ముద్దు, మన బాబాసాహెబు పేరు చేదు!

నేను బడిపంతుల్ని. తల్లి కువైట్‌లో ఉన్న పిల్లలకి పాఠం చెప్తున్నా. ఫీజు టైముకి వస్తుంది, తల్లి రాదు. జ్వరమొస్తే ఫోన్లో ఏడుస్తారు. ఈ లెక్క ఏ బ్యాంకు రాస్తుంది?

కాబట్టి అక్కలారా, అన్నలారా, చేయాల్సింది ఇది.

ఒకటి. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్న ఏజెంటుని వాడ పొలిమేర దాటనివ్వొద్దు. పది పాసుకాని మనవాళ్లకి కువైట్, సౌదీ వంటి దేశాలకి పోవడానికి సర్కారు అనుమతి తప్పనిసరి. ఇంటిపనికి పోయే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలి. ఆ దారిన పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. దొంగదారిన పోతే శవం రావడానికే చందాలెత్తాలి.

రెండు. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి తెలంగాణ ప్రభుత్వం అయిదు లక్షలు ఇస్తామంది. ఏ ఇంటికి అందలేదో జాబితా రాసి కలెక్టరాఫీసుకి పోదాం.

మూడు. డాలర్లు సంపాదిస్తున్న మన చదువుకున్న తమ్ముళ్లకి. 2023 అక్టోబరు 14న మేరీలాండ్‌లో 19 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. సంతోషం. ఆయన 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో కొలంబియా పోయాడు. ఆ చదువు తెచ్చి ఎవరికి పెట్టాడు? మీరు వాడకి పంపేది దానం అనుకోవద్దు, బాకీ అనుకోండి. హాస్టలు పిల్లకి కాలేజీ ఫీజు కట్టండి. అట్రాసిటీ కేసు పెట్టినోడికి కోర్టు ఖర్చులు పంపండి. ఇంటిపేరు దాచుకుని బతకడం మానండి.

ఊరు తన కులానికి డాలర్లతో గోపురం కట్టుకుంటోంది. మన దినారుతో మనం వాడలో ఏం కడదాం? ఈ పక్షం మీటింగులో ఆ ఒక్కటే తేల్చండి.