పట్టీ పారేయకండి
కేసముద్రం మార్కెట్‌కు మిర్చి, పసుపు తెచ్చే రైతు చేతి గడియారానికి చవక తోలు పట్టీ ఉంటే, దాని మెరుపు చాలావరకు తోలుది కాదు, పైన పూసిన ప్లాస్టిక్ రంగుది. చెమటకు ముందుగా పెచ్చులూడేది అదే. అంచున పీచు కనబడితే లోపల తోలున్నట్టే. గుడ్డ కనబడితే రెక్సిన్, దాని మీద శ్రమ దండగ. పట్టీ విప్పి, పొయ్యికి దూరంగా, గాలాడేచోట దూదితో అసిటోన్ అద్ది తుడిస్తే ఆ పొర వదులుతుంది. తర్వాత 400 నంబరు సాండ్‌పేపరుతో తేలిగ్గా రుద్దితే పాత తోలు అందం వస్తుంది. బెజ్జాల దగ్గర, పిన్ను మడత దగ్గర మాత్రం రుద్దొద్దు, తెగేది అక్కడే. చివరికి మన పెద్దలు చెప్పులకు రాసిన ఆముదమే, ఒకట్రెండు చుక్కలు. తంగేడు చెక్కతో తోళ్లు శుద్ధి చేసిన పనివాళ్ల నేల మనది. కొత్త పట్టీ కొనేముందు ఒక్కసారి ఇది చేసి చూడండి.