రాణి పోయినా రాజ్యం ఆగదు!

ఏడు చేపల కథలో చీమ గుర్తుందిగా? తన బంగారు పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అని నిలదీసిన చీమ! ఇప్పుడు కొందరు ఆ పుట్టనే ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టుకుంటున్నారు. అదీ అలాంటిలాంటి చీమలది కాదు, తేలులా కొండితో కుట్టే పోనెరైన్ చీమలది!

చేపల్నీ చిలకల్నీ పెంచినట్టే యూరప్, అమెరికాల్లో చీమల్ని పెంచేవాళ్లున్నారు. సగం నీళ్లు పోసి దూది కుక్కిన గాజుగొట్టం, అందులో ఒక రాణిచీమ... సరదా అక్కడ మొదలవుతుంది. చాలా జాతుల్లో రాణి ఏమీ తినకుండానే, ఒంట్లో దాచుకున్న శక్తితో తొలికాన్పు పిల్లల్ని సాకేస్తుంది. పోనెరైన్ రాణుల్లో ఎక్కువభాగం అలా కాదు. బయటికొచ్చి స్వయంగా వేటాడాల్సిందే. కాబట్టి పెంచేవాళ్లు రోజూ చిన్నచిన్న పురుగుల్ని అందించాలి, గూట్లో తేమ తగ్గకుండా చూడాలి. ఇంత శ్రమ ఎందుకంటారా? ఈ చీమలు పెద్దవి, మంద చిన్నది. దాంతో ఒక్కో చీమ వేటనూ కళ్లారా చూడొచ్చు. ఒడాంటోమేకస్ అనే చీమ దవడలు గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో మూసుకుంటాయని 2006లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. రెప్పపాటు అనే మాట కూడా దానిముందు నెమ్మదే!

ఈ అభిమానుల కలల చీమ మాత్రం మన దేశానిదే. పేరు హార్పెగ్నాథస్ సాల్టేటర్. పెద్ద కళ్లు, కొడవళ్లలాంటి పొడవాటి దవడలు. వేట కనిపిస్తే ఎగిరి దూకుతుంది. దాన్ని 1851లో లోకానికి పరిచయం చేసింది థామస్ జెర్డాన్. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన డాక్టరు. మన కలివికోడికి ఇంగ్లిషులో ఉన్నది ఆయన పేరే.

ఈ చీమల అసలు వింత రాణి చనిపోయాక మొదలవుతుంది. మామూలు చీమల్లోనైతే రాణి పోతే పుట్ట కథ కొన్నాళ్లలో ముగిసినట్టే. ఇక్కడలా కాదు. పనిచీమలు మీసాలతో కొట్టుకుంటూ పోటీకి దిగుతాయి. ఇది ఒక్కోసారి 40 రోజులదాకా సాగుతుంది. గెలిచినవి గుడ్లు పెట్టే పదవిలోకి వస్తాయి. వాటిని గేమర్‌గేట్లు అంటారు, ‘పెళ్లయిన పనిచీమలు’ అని అర్థం. పదవి వచ్చాక ఆయుష్షు నెలల నుంచి ఏళ్లకు పెరుగుతుంది, మెదడు మాత్రం సుమారు 20 శాతం కుంచించుకుపోతుంది! పదవి పోతే మెదడు మళ్లీ మామూలవుతుందని 2021లో తేలింది. (ఇందులో రాజకీయాలేమీ వెతక్కండి!)

ఇక వీటి పేర్ల గొడవ వేరే. నడుం దగ్గర ఒకే కణుపు, చివర కొండి... ఇలాంటి పోలికలున్న చీమల్ని ఒకప్పుడు చాలావరకు పోనెరైన్ల గంపలోనే వేసేవారు. 2003లో బారీ బోల్టన్ ఆ గంపను ఆరు ఉపకుటుంబాలుగా విడదీశారు. దెబ్బకు, కుడితే తూటా దిగినట్టుంటుందనే బుల్లెట్ చీమ వేరు కాపురం పెట్టింది. 2014లో పాకీకాండైలా అనే పెద్ద ప్రజాతి ముక్కలైంది. జెర్డానే పేరు పెట్టిన రూఫిపెస్ అనే చీమ కథ చూడండి. పోనెరాగా పుట్టి, బోత్రోపోనెరా అయి, పాకీకాండైలాలో చేరి, చివరికి సూడోనియోపోనెరాగా మిగిలింది. పెంచేవాళ్లు గాజుపెట్టెల మీద పేరు చీటీలు మార్చుకోలేక సతమతం.

పేరు సరిగ్గా తెలియడం చాదస్తం కాదు, అవసరం. ఒకప్పుడు పాకీకాండైలాలోనే ఉన్న ఆసియా సూదిచీమ ఎప్పుడో ఓడల కాలంలో అమెరికా చేరింది. ఇప్పుడక్కడి అడవుల్లో స్థానిక చీమల్ని తరిమేస్తోంది. అది కుడితే కొందరికి ప్రాణం మీదికొస్తుంది కూడా. రాణిచీమల మీద ఒక కన్నేసి ఉంచితే చాలనుకోవడమూ పొరపాటే. గేమర్‌గేట్లున్న జాతుల్లో మగచీమ తోడుంటే పిడికెడు పనిచీమలే కొత్త రాజ్యం పెట్టేయగలవు. రాణిని పంపలేదుగా, పనిచీమలేగా అనే సాకు వీటి దగ్గర చెల్లదు.

చీమలకీ దొంగ రవాణా ఉంటుందా అనుకోకండి. 2025లో కెన్యాలో దాదాపు 5,000 రాణిచీమలతో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దొరికిపోయారు. అవి గింజలు పోగుచేసుకునే వేరే రకం చీమలు. కోర్టు ఒక్కొక్కరికీ 10 లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా వేసింది.

అందుకే, ఈ చీమలంటే సరదా పుడితే ముందు ఒక భూతద్దం కొనండి. పెరట్లోనో పొలంగట్టునో బారులుతీరిన నల్లచీమలు కనిపిస్తే వంగి చూడండి. నడుం దగ్గర ఒకే కణుపుందా, చివర కొండి ఉందా... ఎంతసేపైనా చూడొచ్చు. వేలు మాత్రం పెట్టకండి. పుట్ట బంగారమో కాదో గానీ, కొండి నిజం!