మందుల రూల్స్‌కీ వెర్షన్ ఉంటుంది

‘డయాబెటిస్ ప్రిడిక్షన్ యూజింగ్ మెషీన్ లెర్నింగ్’. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఈ టైటిల్‌ని ఎన్ని రెజ్యూమెల్లో చూశానో లెక్కలేదు. నా రెజ్యూమెలోనూ అదే ఉండేది. డేటా కూడా అందరిదీ ఒకటే. అమెరికాలోని అరిజోనాలో ఉండే పిమా తెగ మహిళలు 768 మంది వివరాలు. 1988 నాటి పరిశోధనలో వాడినవి. అందులో కొందరి బీపీ సున్నా అని ఉంటుంది. సున్నా బీపీతో మనిషి బతికుండడన్న సంగతి మా బ్యాచ్‌లో ఎవరికీ తట్టలేదు. మోడల్ నడిచింది, మార్కులు పడ్డాయి.

ఆ రెజ్యూమెతోనే ఒక హెల్త్‌టెక్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లా. ప్యానెల్లో ఒక డాక్టరుగారు ఉన్నారు. అల్గారిథం గురించి ఒక్క ముక్క అడగలేదు. ‘‘ఇందులో హెచ్‌బీఏ1సీ ఏది బాబూ?’’ అన్నారు. లేదు. ఎలా ఉంటుంది? సుమారు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే ఆ పరీక్షను షుగర్ నిర్ధారణకు వాడొచ్చని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పిందే 2010లో. పరగడుపు చక్కెర హద్దు కూడా 1988లో 140. దాన్ని 1997లో 126కి దించారు. అంటే పరగడుపున 130 వచ్చే మనిషికి 1996లో షుగర్ లేదు, మరుసటి ఏడాదికి ఉంది. ఒంట్లో ఏమీ మారలేదు, నిర్వచనం మారింది. నా మోడల్ నేర్చుకున్నది పాత నిర్వచనాన్ని. ఆ ఉద్యోగం నాకు రాలేదు, రాకపోవడమే న్యాయం.

తర్వాత వేరేచోట చేరాను. ఆస్పత్రుల్లో డాక్టర్లు మందు రాసేటప్పుడు హెచ్చరికలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాది. డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర మీద అందులో ఒక రూలు ఉండేది. షుగర్ లేని పేషెంటుకు అది రాస్తే స్క్రీన్ మీద ఎర్ర అలర్ట్. రూలు రాసిన రోజున తప్పేం కాదు, అది షుగర్ మందుగానే మార్కెట్లోకి వచ్చింది. కానీ 2019లో డాపా-హెచ్‌ఎఫ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. గుండె పంపింగ్ తగ్గిన 4,744 మంది మీద చేసిన పరీక్ష అది. షుగర్ ఉన్నా లేకపోయినా వాళ్లకు ఆ మందు మేలు చేసింది. మరుసటి ఏడాది కిడ్నీ జబ్బులోనూ అదే తేలింది. డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. మా రూలు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఏమైంది? గుండె వార్డులో రోజుకు పదిసార్లు తప్పుడు అలర్ట్. చదవకుండానే క్లోజ్ చేసే అలవాటు అయిపోయింది. ఒకరోజు పొటాషియం అప్పటికే ఎక్కువున్న పేషెంటుకు స్పైరోనోలాక్టోన్ రాశారు. పొటాషియాన్ని ఇంకా పెంచే మందు అది. అలర్ట్ వచ్చింది, అసలైన అలర్టే. దాన్నీ క్లోజ్ చేసేశారు. ఫార్మసిస్టు పట్టుకోబట్టి సరిపోయింది. మా మీటింగులో ‘డాక్టర్లు చూసుకోవాలి కదా’ అన్నవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో తప్పు మాదే.

కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అయితే పూర్తిగా మన కోడే. రక్తంలో క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది ఇస్తే ఫార్ములా అంకె చెబుతుంది. 2009 ఫార్ములాలో నల్లజాతి వారికి వేరే గుణకం ఉండేది. 2021లో దాన్ని తీసేసి కొత్త ఫార్ములా ఇచ్చారు, మిగతా గుణకాలూ మారాయి. అరవై ఏళ్ల మగమనిషి, క్రియాటినిన్ 1.3 అనుకోండి. పాతదానిలో 59, కొత్తదానిలో 63. మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువుంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. అంటే రెండు ల్యాబుల్లో రెండు వెర్షన్లు ఉంటే, ఒకే రక్తంతో ఒకచోట రోగి, ఇంకోచోట కాదు! రిపోర్టు మీద ఏ ఫార్ములానో రాయకపోతే ఆయనకెలా తెలుస్తుంది?

ఆస్పిరిన్ కథా ఇలాంటిదే. గుండె జబ్బు రాకముందే నివారణకు కొందరు యాభై దాటినవాళ్లకు వాడొచ్చని 2016లో చెప్పిన అమెరికా నిపుణుల బృందమే, అరవై దాటాక అలా కొత్తగా మొదలుపెట్టొద్దని 2022లో చెప్పింది. రక్తస్రావం ముప్పు దానికి కారణం. (ఇది చదివి ఇంట్లో తాతయ్య వేసుకునే మాత్ర ఆపించకండి. స్టెంట్ ఉన్నవాళ్ల సంగతి వేరు, డాక్టర్నే అడగాలి.)

మన దేశంలో డాక్టరు ఐదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకునే కార్యక్రమాలకు వెళ్లాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. అది చాలా తక్కువని నా అభిప్రాయం. ఆ డాక్టరు చేతిలో మనం పెట్టే సాఫ్ట్‌వేర్‌లోని రూలుకైతే మా కంపెనీలో ఆ 30 గంటలు కూడా లేవు. ప్రతి రూలు పక్కన మూడు కాలమ్స్ పెట్టడానికి ఎంత పని? ఏ గైడ్‌లైన్ నుంచి తీశాం, ఏ సంవత్సరానిది, మళ్లీ ఎప్పుడు చూడాలి. ఎర్ర అలర్ట్ గొడవ తర్వాత మేం పెట్టాం, వారం పట్టింది.

హైదరాబాద్‌లో హెల్త్‌టెక్, ఫార్మా కంపెనీలకు అప్లై చేస్తున్న మీకు ఎంబీబీఎస్ పుస్తకాలు అక్కర్లేదు. డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాలు ఏటా కొత్తగా వస్తాయి, నెట్‌లో ఉచితం. ఐసీఎంఆర్ చికిత్సా విధానాల చార్టులూ ఉచితమే, ఒక్కోటి ఒకటి రెండు పేజీలు. మీ ప్రాజెక్టు ఏ జబ్బు మీదైతే ఆ ఒక్కటి చదివి, మీ డేటాసెట్ ఏ ఏడాది నిర్వచనంతో తయారైందో రెజ్యూమెలో ఒక లైను రాయండి. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అంటారు కదా, అప్పుడు అడగండి: మీ క్లినికల్ రూల్స్‌ని చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు? వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటే, ఆ పని నాకివ్వండి అనండి.