బోర్డు ముందు, కార్డు తరువాత

పండుగకో, వార్డెన్ గారిని కలవడానికో మేము హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు అడిగే మాట ఒకటుంది. "అన్నా, ముప్పై వేలల్లో గేమ్స్ ఆడుకునే కంప్యూటర్ వస్తుందా? ఏ గ్రాఫిక్ కార్డు కొనమంటారు?" ఈ రెండో ప్రశ్నతోనే మాకు పేచీ. గ్రాఫిక్ కార్డు సంగతి చిట్టచివర అడగాలి. ఏ బోర్డులో ఏ ప్రాసెసర్ పనిచేస్తుంది, ఆ బోర్డు ఏ ర్యామ్ తీసుకుంటుంది, వీటన్నింటికీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ఎలాంటిది అన్నవి ముందు అడగాలి. ఈ వరుస తప్పితే ఏమవుతుందో మేము డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాం.

అసలు సంక్షేమ హాస్టల్ పిల్లలకు గేమ్స్ ఏమిటి, స్కాలర్‌షిప్ డబ్బు ఇందుకా అని కొందరు పెద్దలు అంటారు. ఆ కంప్యూటర్ మీదే మేము ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేశాం, పోటీ పరీక్షలకు దరఖాస్తులు పెట్టాం. మాలో ఒకడు దాని మీదే వీడియో ఎడిటింగ్ నేర్చుకుని ఇప్పుడు పెళ్లి వీడియోల పని చేస్తున్నాడు. అయినా ఈ లాభాలన్నీ చూపించి ఆటను దాచుకోవాల్సిన అవసరం మాకు కనబడదు. పొద్దంతా చదివి రాత్రి ఒక గంట ఆడుకోవాలనిపించడం ఏ ఇంటి పిల్లలకైనా ఉన్నదే. వాళ్లను ఎవరూ అడగని సంజాయిషీ మనల్ని మాత్రం ఎందుకు అడగాలి?

తేడా ఉన్నది ఇంకోచోట. ఉన్నవాళ్ల ఇంట్లో తప్పు బోర్డు కొంటే మరొకటి కొంటారు. కొనకముందే చెప్పడానికి వాళ్లకు ఇంజనీరు బాబాయో, అన్నయ్యో ఉంటారు. మా నలుగురి ఇళ్లలోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లే లేరు, ఇక కంప్యూటర్ విప్పి చూసినవాళ్లు ఎక్కడ?

2022 వేసవిలో క్యాటరింగ్ పనులకు వెళ్లి, స్కాలర్‌షిప్‌లో మిగిలింది కలిపి, నలుగురం ఇరవై రెండు వేలు పోగుచేశాం. సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాం. ఆ మెట్లు, ఆ ఇరుకు షాపులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ఐ5 8400 ప్రాసెసర్ తీసుకున్నాం. ఇంకో షాపులో హెచ్110 బోర్డు నాలుగు వందలు తక్కువకు వచ్చిందని అక్కడ కొన్నాం. రెండింటి మీదా సాకెట్ 1151 అనే ఉంది. ప్రాసెసర్ సాకెట్‌లో చక్కగా కూర్చుంది. గదికి వచ్చి స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు.

ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాం. పక్క గదిలోంచి మానిటర్ తెచ్చి చూశాం. పది రోజులు అలాగే పోయాయి. చివరకు మా కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్ సార్ బోర్డు మీద పేరు చదివి, "ఇది ఆరు, ఏడు తరాల ప్రాసెసర్ల బోర్డు నాన్నా, మీరు తెచ్చింది ఎనిమిదో తరం" అన్నారు. 1151 పిన్నులే అయినా ఇంటెల్ 2017లో ఎనిమిదో తరం తెచ్చినప్పుడు ఆ పిన్నుల్లో కొన్నింటి పని మార్చింది. 100, 200 సిరీస్ బోర్డులు ఆరు, ఏడు తరాలకు. ఎనిమిది, తొమ్మిది తరాలకు 300 సిరీస్ బోర్డు కావాలి. ఇంతే సంగతి. ఈ ఒక్క వాక్యం తెలియక పోయింది డబ్బు.

బోర్డు షాపతను వాపసు తీసుకోనన్నాడు. "మీ దగ్గర ఏ ప్రాసెసర్ ఉందో నాకు చెప్పారా తమ్ముడూ?" అన్నాడు. నిజమే, చెప్పలేదు. బిల్లు మేము అడగలేదు, అతను ఇవ్వలేదు. ఆ బోర్డును నష్టానికి అమ్మి హెచ్310 బోర్డు కొనేసరికి పదిహేడు వందలు పోయాయి. మాలో ఒకడి నాలుగు రాత్రుల క్యాటరింగ్ కూలి అది. అందుకే మా అభిప్రాయం: ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఈ మూడూ ఒకే షాపులో, ఒకే బిల్లు మీద, అక్కడే బిగించి తెర మీద బొమ్మ వచ్చాక తీసుకోవాలి. మూడు, నాలుగు వందలు ఎక్కువైనా సరే.

ఇప్పుడు కొనేవాళ్లకు ఇలాంటి గోతులు వేరే ఉన్నాయి. తక్కువ డబ్బులో గ్రాఫిక్ కార్డు లేకుండా మొదలుపెట్టేవారికి ఏఎండీ రైజెన్ 5 5600జి మంచిదని మేము చెబుతాం. 2021లో వచ్చినదే అయినా ఆరు కోర్లు, లోపలే గ్రాఫిక్స్ ఉన్నాయి. చివర ఆ జి అక్షరం చూసి కొనాలి. ఉత్త 5600కు గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. ఇంటెల్‌లో ఎఫ్ అక్షరంతో ముగిసేవీ అంతే. ఈ 5600జికి ఏఎం4 సాకెట్ బోర్డు కావాలి. పాత నిల్వలోని బీ450 బోర్డు అయితే బయాస్ అప్‌డేట్ చేయందే ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోవచ్చు. షాపులోనే ఎదురుగా చేయించుకోవాలి. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి 16 జీబీ ఒకే ముక్క కంటే 8 జీబీ రెండు పెడితే ఆట బాగా నడుస్తుంది.

ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 చూడటానికి ఒకేలా ఉంటాయి. రెంటికీ 288 పిన్నులే, గాడి మాత్రం వేరే చోట. ఏఎం4 బోర్డుకు డీడీఆర్4, ఏఎం5కు డీడీఆర్5. ఇంటెల్ 1700 సాకెట్ బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి, పేరు పూర్తిగా చదవాలి. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఎవరి దగ్గరైనా పాత డీడీఆర్4 ముక్కలుంటే వాటికి సరిపోయే బోర్డు వెతుక్కోవడమే తెలివి.

ఎస్‌ఎంపీఎస్ గురించి మాత్రం మొండిగా చెబుతాం. క్యాబినెట్‌తో పాటు ఊరికే ఇచ్చేదాని మీద 450 వాట్లు అని అంటించి ఉంటుంది. ఆ అంటింపును నమ్మకండి. మన హాస్టల్ కరెంటు సాయంత్రం ఎలా ఊగుతుందో అందరికీ తెలుసు. పేరున్న కంపెనీది, వారంటీ ఉన్నది తీసుకోవాలి. ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు. అది పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోగలదు.

కార్డు సంగతి. మేము 2024లో పాత జీటీఎక్స్ 1650 తీసుకున్నాం. అది 75 వాట్ల కార్డు, చాలా మోడళ్లకు విడిగా కరెంటు వైరు అక్కర్లేదు, బోర్డు నుంచే తీసుకుంటుంది. అన్నీ చూసుకున్నామని సంబరపడి బిగిస్తే, మా పాత మానిటర్‌కు వీజీఏ తప్ప ఇంకో దారి లేదు, కార్డుకు వీజీఏ లేదు. కన్వర్టర్ కోసం మళ్లీ బస్సెక్కాం. అలాగే 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవకగా దొరికిందని 5600జితో కలపకండి. ఆ కార్డుకు నాలుగు లేన్లే, ఈ ప్రాసెసర్ పీసీఐ 3.0 వరకే. కొన్ని ఆటల్లో వేగం బాగా పడిపోతుంది.

ఆఫీసుల్లో తీసేసిన నాలుగో తరం ఐ5 సెట్లు చవకగా అమ్ముతుంటారు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 ఆ తరాన్ని అధికారికంగా ఒప్పుకోదు. పైగా వాటిలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ వైర్లు ఆ కంపెనీ సొంత రకం, మార్కెట్లో దొరికేది తగలదు. చదువుకూ దరఖాస్తులకూ మాత్రమే కావాలంటే, ఏటా గది మారేవాళ్లయితే, ల్యాప్‌టాపే నయం. అందులో మాకు పట్టుదల లేదు.

వార్డెన్ గారికి ఒక విన్నపం. లైబ్రరీ గదిలో ఒక రిజిస్టరు పెట్టించండి. హాస్టల్‌లో ఎవరు కంప్యూటర్ అసెంబుల్ చేసినా బోర్డు పేరు, ప్రాసెసర్, ర్యామ్, కొన్న ధర, ఏది దేనికి సరిపడలేదు అన్నవి అందులో రాయాలి. కొనబోయేవాళ్లు ముందు అది చదవాలి. మొదటి పేజీ మేము రాసి ఇస్తాం: హెచ్110 బోర్డు, ఐ5 8400, పనిచేయదు, నష్టం 1,700 రూపాయలు.