కరెంట్ బిల్లు: పేరుకే 'జీరో' బల్బు.. 200 యూనిట్ల గీత దాటిస్తున్నది ఇదే!

ఎండాకాలం వస్తే తెలంగాణలో చాలా ఇళ్లకు ఒకటే టెన్షన్. మీటర్ 200 దాటిందా.. లేదా? గృహజ్యోతి పథకం కింద అర్హులకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. దాటితే మాత్రం అదనంగా వాడిన యూనిట్లకే కాదు, మొత్తం వాడకానికీ బిల్లు కట్టాల్సిందే. 201వ యూనిట్ పడిందంటే వెయ్యి రూపాయలకు పైనే చేతి చమురు వదులుతుంది.

అందరి అనుమానం ఏసీ మీద, కూలర్ మీద. అది నిజమే కానీ.. గీత అటో ఇటో ఊగే ఇళ్లలో తేడా తెచ్చేది చిన్న చిన్న లైట్లే.

బెడ్‌రూమ్‌లో రాత్రంతా వెలిగే పాతకాలం జీరో బల్బునే తీసుకుంటే, పేరు చూసి కరెంట్ తాగదని అనుకుంటారు. నిజానికి అది 12 నుంచి 15 వాట్లు లాగుతుంది. రాత్రికి 10 గంటల చొప్పున నెలకు దాదాపు 4 యూనిట్లు! హాల్లో వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీ కంటే మసక వెలుతురిచ్చే ఈ బుల్లి బల్బే ఎక్కువ తింటోందన్నమాట. అర వాట్ ఎల్ఈడీ నైట్ బల్బు పెడితే ఆ 4 యూనిట్లూ దాదాపు మిగిలినట్టే.

తర్వాత పాత ట్యూబ్‌లైట్. పట్టీ మీద 40 వాట్లే ఉంటుంది కానీ, చోక్‌తో కలిపి 50 దాటుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్ పెట్టి రోజుకు 6 గంటలు వాడితే నెలకు ఇంకో 5, 6 యూనిట్లు తగ్గుతాయి. అంటే 208 దగ్గర ఆగిన ఇల్లు ఈ రెండూ మారిస్తే 200 లోపుకి దిగొచ్చు.

ఇంతకీ ఎల్ఈడీలు ఇంత చౌక ఎలా అయ్యాయి? 2014లో కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ ఒక్కో బల్బును రూ.310కి కొనేది. దేశం మొత్తానికీ కలిపి కోట్లలో టెండర్లు పిలవడంతో మూడేళ్లలోనే ఆ ధర రూ.40 లోపుకి పడిపోయింది. 2014 చివర్లో ఏపీలోని గుంటూరు, అనంతపురం లాంటి జిల్లాల్లో పాత బల్బు తీసుకుని రూ.10కే ఎల్ఈడీ ఇచ్చారు. ఇదే పథకం 2015 జనవరిలో జాతీయ స్థాయికి వెళ్లి, ఉజాలాగా మారింది. ఇప్పటిదాకా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు.

మరి ఇంకా పాత లైట్లు ఎందుకున్నాయి? 120 యూనిట్లు వాడే ఇంటికి ఇప్పుడు మార్చాల్సిన అవసరమే కనిపించదు. ఎలాగూ బిల్లు సున్నానే కదా! కానీ ఆ యూనిట్ల డబ్బు డిస్కంలకు ప్రభుత్వమే కట్టాలి. ఉచిత కరెంట్‌తో పాటు రెండు ఎల్ఈడీలు కూడా చేతిలో పెట్టి ఉంటే ఖజానాకే లాభం ఉండేది.

రోడ్డు పక్కన రూ.30కి దొరికే బల్బులతో మరో తలనొప్పి. నెలలు తిరక్కుండానే మాడిపోతే ఆదా అంతా మళ్లీ కొనడానికే పోతుంది. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, కింద 'ఆర్' నంబర్, బీఈఈ స్టార్ లేబుల్ ఉన్నాయో లేదో చూసి కొనడం మేలు. వాట్లు కాదు, ల్యూమెన్లు చూడాలి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురుకు 800 ల్యూమెన్లు చాలు.

అద్దె ఇళ్లలో కథ వేరు. ట్యూబ్‌లైట్ ఓనర్‌ది, బిల్లు అద్దెకుండేవాళ్లది. ఓనర్ మార్చడు.. రేపో మాపో ఖాళీ చేసే ఇంటికి డబ్బులు ఎందుకని అద్దెకుండేవాళ్లూ మార్చరు. అయితే ట్యూబ్ సంగతి ఎలా ఉన్నా, హోల్డర్‌కి తగిలించే బల్బుకి ఆ బాధ లేదు. ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు.